‘ప్రపంచంలోనే అతిపెద్ద మొసలి’ ఫొటో వచ్చిందా? నిజమెంతో ఇలా తేల్చుకోండి

వానలు పడి వాగులు పొంగాయంటే చాలు, ఈ ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. జూరాల కిందో, వనపర్తి వైపో ఒక మొసలి పొలంలోకి వస్తుంది. ఎవరో ఫొటో తీస్తారు. సాయంత్రమయ్యేసరికి అదే ఫొటో ‘30 అడుగుల రాక్షస మొసలి, ప్రపంచ రికార్డు’ అనే మాట తగిలించుకుని గ్రూపులన్నీ తిరిగేస్తుంది. ‘ఇది నిజమేనా అండీ?’ అని అడిగేవాళ్లు ఎంతోమంది. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే కంటే, ఎవరికి వారు పది నిమిషాల్లో తేల్చుకునే పద్ధతి చెప్పడం మేలనిపించి ఇది రాస్తున్నాను.

మొసలి ఒక్కదానికే కాదు, పాము పొడవుకీ ఎండ తీవ్రతకీ చెట్టు విస్తీర్ణానికీ ఇదే పద్ధతి పనికొస్తుంది. అడగాల్సిన ప్రశ్న ఎప్పుడూ ఒకటే: కొలిచింది ఎవరు, దేనితో, ఎక్కడి నుంచి ఎక్కడికి?

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఫొటో లేదా వీడియో. ఫార్వర్డ్ అయ్యి అయ్యి మసకబారింది కాకుండా, దొరికితే మొదట పెట్టినవాళ్ల కాపీ.
- చిన్న స్కేలు, కాగితం, ఫోన్లో కాలిక్యులేటర్.
- పోల్చి చూసుకోవడానికి ఒక నమ్మకమైన మొసలి.

ఆ నమ్మకమైన మొసలి లోలాంగ్. ఫిలిప్పీన్స్‌లోని మిండనావో ద్వీపంలో, బునవాన్ అనే ఊరి దగ్గర 2011 సెప్టెంబరులో ప్రాణాలతో పట్టుకున్నారు. ఉప్పునీటి జాతి, మగది. పొడవు 6.17 మీటర్లు, అంటే 20 అడుగుల 3 అంగుళాలు. బరువు 1,075 కిలోలు, లారీలు తూచే కాటా మీద తూచారు. తల పొడవు 70 సెంటీమీటర్లు. 2013 ఫిబ్రవరిలో చనిపోయింది. పట్టుకున్న మొదటి రోజుల్లో వార్తల్లో వచ్చిన అంకె 6.4 మీటర్లు, నిపుణులు వచ్చి పద్ధతిగా కొలిచాక 6.17కి దిగింది. అంత జాగ్రత్తగా పట్టిన మొసలి విషయంలోనే మొదటి అంకెకీ అసలు అంకెకీ ఇంత తేడా వస్తే, ఎవరో గట్టు మీద నుంచి చూసి చెప్పిన అంకె సంగతి ఆలోచించండి.

1. ముందు జాతి తేల్చుకోండి

మన దేశంలో ఉన్నవి మూడు జాతులు. మన కృష్ణ, గోదావరి, మంజీర, కిన్నెరసానిల్లో కనిపించేది మగర్, అంటే మంచినీటి మొసలి. ఒడిశాలోని భితర్‌కనికలో, సుందర్బన్స్‌లో, అండమాన్‌లో ఉండేది ఉప్పునీటి మొసలి. పొడవాటి సన్న మూతితో ఉత్తరాది నదుల్లో ఉండేది ఘరియాల్.

మగర్‌కీ ఉప్పునీటి మొసలికీ తేడా ఫొటోలో పట్టుకోవాలంటే మెడ చూడండి. తల ముగిసి మెడ మొదలయ్యే చోట మగర్‌కి నాలుగు పెద్ద పొలుసులు లేచి కనిపిస్తాయి. ఉప్పునీటి మొసలికి అక్కడ దాదాపు నున్నగా ఉంటుంది.

జాతి తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మగ మగర్ మామూలుగా 3 నుంచి 3.5 మీటర్లు ఉంటుంది. 4 దాటితే పెద్దది అనొచ్చు, 5 అంటే అరుదులో అరుదు. కాబట్టి ఫొటోలో ఉన్నది మగర్ అయ్యి, కింద ‘30 అడుగులు’ అని రాసి ఉంటే (అది 9 మీటర్ల పైమాటే) ఇక్కడితో ఆపేయొచ్చు.

2. ఫొటో అసలుదేనా చూడండి

ఇప్పుడు కంప్యూటర్ తయారుచేసిన బొమ్మలు ఎక్కువయ్యాయి, అందుకే ఈ మెట్టు తప్పనిసరి. మొసలి ముందు కాళ్లకు ఐదేసి వేళ్లు, వెనక కాళ్లకు నాలుగేసి వేళ్లు. తోక మొదట్లో రంపపు పళ్లలాంటి పొలుసులు రెండు వరుసల్లో ఉండి, తోక సగంలో కలిసిపోయి చివరికంటా ఒకే వరుసగా సాగుతాయి. యంత్రం గీసిన బొమ్మల్లో ఎక్కువగా తప్పేవి ఈ రెండే. ఫొటోని పెద్దది చేసి వేళ్లు లెక్కపెట్టండి, తోక వెంట వేలు జరుపుకుంటూ వెళ్లండి.

హెచ్చరిక: వేళ్లు సరిగ్గా ఉన్నంత మాత్రాన ఫొటో నిజమని కాదు. తప్పుంటే అబద్ధమని తేలుతుంది, అంతవరకే.

ఇంకో రకం మోసం, విగ్రహాలు. ఆస్ట్రేలియాలోని నార్మన్‌టన్ ఊళ్లో 8.63 మీటర్ల మొసలి విగ్రహం ఉంది. దాని పక్కన జనం దిగిన ఫొటోలు లెక్కలేనన్ని. కోట్ల ఏళ్ల కిందటే అంతరించిపోయిన సార్కోసూకస్ అనే భారీ మొసలి నమూనాలు కూడా మ్యూజియాల్లో ఉన్నాయి. మాటలకు బదులు ఫొటోనే ఇచ్చి, అది ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో ఇంటర్నెట్‌లో వెతికితే ఇలాంటివి వెంటనే దొరికిపోతాయి.

3. కెమెరా ఎక్కడుందో ఊహించండి

నిజమైన మొసలినే రెండింతలు చేసి చూపించడం చాలా తేలిక. కెమెరాకి మొసలి మీటరున్నర దూరంలో, మనిషి మూడు మీటర్ల దూరంలో ఉన్నారనుకోండి. ఫొటోలో మనిషి పక్కన మొసలి ఉన్నదానికి రెట్టింపుగా కనిపిస్తుంది. ఎవరూ ఏదీ మార్చలేదు, మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు, అంతే. వేటగాళ్లు పులులతో, చేపలతో, అడవిపందులతో దిగే ఫొటోల్లో ఈ పద్ధతి పాతదే. అమెరికాలోని జార్జియాలో 2004లో చంపిన ఒక పంది ఫొటో ‘12 అడుగులు’ అంటూ లోకమంతా తిరిగింది. తర్వాత నిపుణులు దాన్ని పాతిన చోటు తవ్వి చూస్తే 8 అడుగుల చుట్టుపక్కల తేలింది.

మనిషి చెయ్యి మొసలి మీద ఉందా, లేక వెనక గాల్లో ఉందా? మనిషి పాదాలు మొసలి పొట్ట ఆనిన నేల గీత మీదే ఉన్నాయా? మన దగ్గర మొసలిని జేసీబీ తొట్టిలో ఎత్తడం మామూలే. తొట్టి కెమెరా వైపు చాచి ఉంటే అందులోని మొసలి మరీ పెద్దదిగా కనిపిస్తుంది. అలాంటి ఫొటోలో పక్కన నిలబడ్డ మనిషితో పోల్చకండి, తొట్టితోనే పోల్చండి. దాని వెడల్పు రెండు మీటర్ల పైచిలుకు ఉంటుంది.

4. తలతో లెక్కేయండి

ఈ గైడ్‌లో అన్నిటికన్నా పనికొచ్చే మెట్టు ఇదే. తోక వంకర తిరుగుతుంది, నీళ్లలో మునిగిపోతుంది, కొన్నిసార్లు ముసలి మొసళ్లకు చివర తెగిపోయి కూడా ఉంటుంది. తల మాత్రం మారదు. మొసలి పొడవు దాని తల పొడవుకి దాదాపు 7 రెట్లు ఉంటుంది. బాగా పెద్ద మగ ఉప్పునీటి మొసళ్లలో ఇది 8, 9 రెట్ల దాకా పోతుంది. లోలాంగ్ లెక్క చూడండి: 6.17ని 0.70తో భాగిస్తే 8.8.

ఫొటోలో చేయాల్సింది ఇలా:

మొసలి తలకి సమానమైన దూరంలో, పొడవు మీకు తెలిసిన వస్తువు ఒకటి వెతకండి. బూటు (సుమారు 28 సెంటీమీటర్లు), ఇటుక (9 అంగుళాలు, అంటే 23 సెంటీమీటర్లు), ఏదైనా సరే. ఫోన్ తెర మీద స్కేలు పెట్టి వస్తువునీ తలనీ కొలవండి. తెర మీద బూటు 0.9 సెంటీమీటర్లు, తల 1.8 వచ్చిందనుకోండి. తల బూటుకి రెట్టింపు, అంటే 56 సెంటీమీటర్లు. 7తో గుణిస్తే 3.92 మీటర్లు, దాదాపు 13 అడుగులు. ‘30 అడుగుల’ మొసలి పదమూడుకి వచ్చేసింది. 13 అడుగుల మగర్ కూడా గొప్ప జంతువే, దానికి అబద్ధపు అడుగులు కలపాల్సిన అవసరమే లేదు.

జాగ్రత్త: తల ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలో సరిగ్గా చూసుకోండి. ముక్కు కొస నుంచి పుర్రె పైభాగం వెనక అంచు మధ్య వరకు. కింది దవడ దాని కంటే వెనక్కి సాగి ఉంటుంది. దవడ చివరి దాకా కొలిస్తే లెక్క మొత్తం తల్లకిందులవుతుంది. పారిస్ సహజ చరిత్ర మ్యూజియంలో కంబోడియా నుంచి వచ్చిన పెద్ద ఉప్పునీటి మొసలి పుర్రె ఉంది. పుర్రె పొడవు 76 సెంటీమీటర్లు, కింది దవడ 98.3 సెంటీమీటర్లు. పుర్రెతో లెక్కేస్తే 7 రెట్లకు 5.3 మీటర్లు, 9 రెట్లకు 6.8 మీటర్లు. పొరపాటున దవడని 9తో గుణించామా, 8.8 మీటర్ల మొసలి పుట్టుకొస్తుంది! అదే పుర్రె, అదే మొసలి.

ప్రత్యామ్నాయం: నీళ్లలోంచి కళ్లూ ముక్కూ మాత్రమే తేలుతుంటే? అమెరికా ఎలిగేటర్లకు అక్కడివాళ్లు వాడే మోటు లెక్క ఒకటుంది. కంటికీ ముక్కు రంధ్రానికీ మధ్య ఎన్ని అంగుళాలో, మొత్తం పొడవు సుమారు అన్ని అడుగులు. ఎలిగేటర్‌కి కుదిరినట్టు సన్నమూతి ఘరియాల్‌కి ఇది అస్సలు కుదరదు. మిగతా మొసళ్లకు కూడా ఉజ్జాయింపుగానే తీసుకోండి.

5. పొడవునీ బరువునీ ఎదురెదురు పెట్టండి

పొడవు రెట్టింపయితే బరువు రెట్టింపవదు, ఎనిమిది రెట్లవుతుంది. ఎందుకంటే వెడల్పూ ఎత్తూ కూడా పెరుగుతాయి. లోలాంగ్‌ని కొలబద్దగా పెట్టుకుని, చెప్పిన పొడవుని 6.17తో భాగించి, వచ్చిన అంకెని మూడుసార్లు వేసి ఒకదానితో ఒకటి గుణించి (అంకె × అంకె × అంకె), 1,075తో హెచ్చవేయండి.

4 మీటర్లకు సుమారు 290 కిలోలు వస్తుంది. 5 మీటర్లకు సుమారు 570. 7 మీటర్లకు సుమారు 1,570. 30 అడుగులకు దాదాపు 3,500 కిలోలు.

ఇప్పుడు మెసేజ్ మళ్లీ చదవండి. ‘30 అడుగులు, 500 కిలోలు’ అని ఉందా? 500 కిలోల మొసలి లెక్క ప్రకారం 16 అడుగులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. రెండు అంకెల్లో ఒకటి తప్పు. నలుగురు మనుషులు భుజాల మీద మోస్తున్న మొసలిని ‘టన్ను’ అన్నా అంతే, టన్నుని నలుగురు మోయలేరు. బక్కచిక్కినవీ బాగా మేసినవీ ఉంటాయి కాబట్టి ఈ లెక్కలో పాతిక శాతం తేడా వచ్చినా పట్టించుకోకండి. రెండు మూడు రెట్లు తేడా వస్తేనే అనుమానించండి.

6. కొలిచిన తీరు అడగండి

సరైన పద్ధతి ఇది: మొసలిని బోర్లా, తిన్నగా పడుకోబెట్టి, ముక్కు కొస దగ్గర ఒక గుర్తు, తోక కొస దగ్గర ఒక గుర్తు నేల మీద పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య తిన్నగా టేపు పట్టాలి. వీపు మీదుగా, ఎగుడుదిగుడుల వెంట టేపు పరిస్తే పొడవు పెరిగిపోతుంది. బారలు వేసి కొలవడం (‘మూడు బారలుందండీ!’), అడుగులు వేసి కొలవడం, పడవ పొడవుతో పోల్చడం, ఇవన్నీ అంచనాలే.

అంచనాని అంచనాగా చెబితే తప్పేమీ లేదు. భితర్‌కనికలో 7 మీటర్ల మొసలి ఉందని 2006లో గిన్నిస్ బుక్‌లో వచ్చింది. అది పట్టుకుని టేపుతో కొలిచిన మొసలి కాదు. బురుండీలో, రుజిజి నది, టాంగన్యికా సరస్సు దగ్గర మనుషుల్ని తిన్నదని పేరుమోసిన గుస్టావ్‌ని 18 నుంచి 20 అడుగులు అంటారు. దాని కోసం పెద్ద బోను కట్టి ప్రయత్నించినా చిక్కలేదు, ఎవరూ కొలవలేదు. ఈ రెండూ పెద్ద మొసళ్లే అయివుండొచ్చు. రికార్డు పట్టికలో మాత్రం లోలాంగ్ పక్కన వాటిని పెట్టలేం.

7. ఏం మిగిలిందో చూడండి

పుర్రె ఉందా? చర్మం ఉందా? కొలుస్తుండగా తీసిన ఫొటో ఉందా?

నార్మన్‌టన్ విగ్రహం గురించి పైన చెప్పాను. 1957లో క్రిస్టినా పావ్లోవ్‌స్కీ అనే వేటగత్తె అక్కడ కాల్చిన మొసలికి అది నమూనా. పొడవు 8.63 మీటర్లని చెప్పారు. అబద్ధమాడే మనుషులు కారని వాళ్లని ఎరిగినవాళ్లు అంటారు. కానీ పుర్రె లేదు, చర్మం లేదు, పరిశీలించడానికి ఏమీ మిగల్లేదు. మనిషి మంచివాడా కాదా అన్నది వేరు, కొలత నిలుస్తుందా లేదా అన్నది వేరు.

దీనికి ఎదురు ఉదాహరణ మన బంగాళాఖాతంలోనిదే. 1840లో చంపిన ఒక మొసలిని 33 అడుగులు అన్నారు. అదృష్టవశాత్తూ దాని పుర్రె లండన్‌కి చేరింది. తర్వాత దాన్ని కొలిచి చూసినవాళ్లకు 33 అడుగులకు చాలా దూరంలోనే లెక్క ఆగిపోయింది. పుర్రె మిగలకపోయి ఉంటే ఆ 33 అడుగులు ఈనాటికీ పుస్తకాల్లో తిరుగుతుండేవి.

8. తీర్పు రాసుకోండి

కాగితం మీద మూడింటిలో ఒకటి రాయండి: ‘కొలిచింది’, ‘అంచనా’, ‘అబద్ధం’. మీ లెక్కలో వచ్చిన పొడవు పక్కనే రాయండి. సరిచూసుకోవడానికి బతికుండగా కొలిచిన కొన్ని పెద్ద మొసళ్లు ఇవి:

- లోలాంగ్, ఫిలిప్పీన్స్: 6.17 మీటర్లు.
- యాయ్, థాయ్‌లాండ్: 6 మీటర్లు. ఇది ఉప్పునీటి, సయామీ జాతుల సంకరం, మొసళ్ల ఫారంలో పెరిగింది.
- కాసియస్, ఆస్ట్రేలియా: 5.48 మీటర్లు. లోలాంగ్ పోయాక బందీగా ఉన్నవాటిలో అతిపెద్దదిగా గిన్నిస్‌లో ఉండి, 2024 నవంబరులో చనిపోయింది.
- గోమెక్, ఫ్లోరిడా: 5.42 మీటర్లు.

మీ లెక్క 6 మీటర్లు దాటిందంటే ఒకటే అర్థం: మళ్లీ మొదటి మెట్టు నుంచి చూడండి. పది సార్లలో తొమ్మిది సార్లు కెమెరా దూరమో, దవడ కొలతో దొరికిపోతుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అడుగులూ అంగుళాలూ దశాంశాలుగా రాసేయడం. 18 అడుగుల 10 అంగుళాలు అంటే 18.10 అడుగులు కాదు, 18.83. వార్త ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయేటప్పుడు ఇది తరచూ జరుగుతుంది. అడుగుల్ని 0.3048తో గుణించి మీటర్లలోకి మార్చి మీరే చూసుకోండి.

చచ్చి ఉబ్బిన కళేబరం చుట్టుకొలతని బట్టి బరువు చెప్పడం. రెండు రోజుల ఎండలో పొట్ట ఉబ్బిపోతుంది, లోపల ఉండేది గాలే.

‘గిన్నిస్‌లో ఉంది’ అనగానే ఆగిపోవడం. ఏ విభాగంలో ఉంది? బందీగా ఉన్నవాటిలోనా, మొత్తం మీదా? ఏ ఏడాది? ఇవి అడగకపోతే సగమే తెలిసినట్టు.

ఇదే పద్ధతి మిగతా రికార్డులకి

పాము: చర్మాన్ని నమ్మకండి. వొలిచేటప్పుడు సాగుతుంది, తడిగా లాగి మేకులు కొడితే ఇంకా సాగుతుంది. 30 అడుగుల పాముని ప్రాణాలతో తెచ్చినవాళ్లకు న్యూయార్క్ జంతుశాస్త్ర సంఘం పెట్టిన బహుమతి వెయ్యి డాలర్లతో మొదలై 50,000 దాకా పెరిగింది. ఒక్కరూ గెలవలేదు. అమెరికాలో 2011లో కొలిచిన మెడూసా అనే కొండచిలువ 7.67 మీటర్లు, అంటే 25 అడుగుల పైన.

ఎండ: థర్మామీటర్ ఎక్కడుంది, ఎవరు చదివారు అని అడగండి. లిబియాలోని అల్ అజీజియాలో 1922 సెప్టెంబరు 13న 58 డిగ్రీలు నమోదైందని 90 ఏళ్లు పుస్తకాల్లో చదివాం. 2012లో ప్రపంచ వాతావరణ సంస్థ ఆ రికార్డుని కొట్టేసింది. ఆ పరికరం చదవడంలో అనుభవం లేని మనిషి దాదాపు 7 డిగ్రీలు ఎక్కువ రాసి ఉంటాడని తేల్చారు. ఇప్పుడు నిలిచి ఉన్నది కాలిఫోర్నియా డెత్ వ్యాలీలో 1913 జూలై 10న నమోదైన 56.7. 2024 మే చివర్లో ఢిల్లీలోని ముంగేష్‌పూర్‌లో 52.9 అని వార్త వస్తే, మన వాతావరణ శాఖే పరిశీలించి ఆ సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని చెప్పింది. ఎండలో నిలబెట్టిన కారు తెర మీది 50 డిగ్రీల ఫొటో అసలు లెక్కలోకే రాదు.

చెట్టు: ‘అతిపెద్ద’ అంటే ఏది పెద్ద? కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్‌కి ఎక్కింది కొమ్మలు పరుచుకున్న విస్తీర్ణంతో. కాలిఫోర్నియాలోని హైపీరియన్ అనే చెట్టు ఎత్తుతో, 115 మీటర్ల పైమాట. ఒకదాని పేరు చెప్పి రెండోదాన్ని కొట్టేయలేం.

మొసలి నిజంగా మీ ఊళ్లోనే ఉంటే

దగ్గరికి వెళ్లి కొలవొద్దు. నేల మీద కదలకుండా పడుకున్న మొసలి చిన్న దూరాన్ని ఒక్క ఉరుకులో దాటేస్తుంది, తోక దెబ్బకి కాలు విరుగుతుంది. మన మూడు జాతులూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పట్టడం, చంపడం, చచ్చినదాని పుర్రె గానీ చర్మం గానీ ఇంటికి తెచ్చుకోవడం నేరం. అటవీ శాఖకి కబురు చేసి, పిల్లల్నీ గొడ్లనీ గట్టు నుంచి దూరంగా ఉంచండి.

సిబ్బంది వచ్చి మూతి కట్టేశాక ఒక్క మాట అడగండి: తిన్నగా పడుకోబెట్టి, పక్కన నేల మీద టేపు పరచమని. ఫొటో నిలువుగా పైనుంచి తీయండి. ముక్కు దగ్గర టేపు అంకె కనిపించేలా ఒకటి, తోక కొస దగ్గర ఒకటి, మొత్తం కలిపి ఒకటి. తల పొడవుకి విడిగా ఇంకొకటి. తోక చివర తెగి ఉంటే అదీ రాయండి. గ్రూపులో పెట్టేటప్పుడు ఈ నాలుగు ఫొటోలూ కలిపే పెట్టండి, తేదీ, చోటు, కొలిచినవాళ్ల శాఖ పేరుతో సహా.